ఆటు వేళ

గుండెకు పోటొచ్చిన రోజున రేవంతా కదిలింది.
సైరన్ మోగింది. రెన్ నగరంలో మూడు స్టెంట్లు వేశారు.
పోటు కనిపిస్తుంది, చప్పుడు చేస్తుంది.
ఆటు అలా కాదు.
నీళ్ళు వెనక్కి పోతుంటే
ఎవరూ కేకలు పెట్టరు.

గ్వెనొలే కెర్బిరియు, అరవై ఏడేళ్ళు,
కాంకాల్ తీరంలో ఆల్చిప్పలు పెంచే మనిషి.
వారానికి రెండుసార్లు సేంట్ మాలోలో నా గదికి వస్తాడు.
ఎక్కడికీ పోని సైకిలు ఇరవై నిమిషాలు తొక్కుతాడు.
బీపీ నూట ఇరవై రెండు. కొవ్వు దారికొచ్చింది.
ఎకో చూసి పెద్ద డాక్టరు భేష్ అన్నాడు.
భేష్ అంటే ఇతను
తన బూట్ల వంక చూసుకున్నాడు.

నా దగ్గరొక పసుపు కాగితం ఉంది. రెండే ప్రశ్నలు.
గడిచిన పక్షం రోజుల్లో
చేసే పనుల మీద ఆసక్తి, ఆనందం లేకుండా పోయాయా?
దిగులుగా, ఇక ఏ ఆశా లేనట్టుగా అనిపించిందా?
అసలు లేదంటే సున్నా.
దాదాపు రోజూ అంటే మూడు.

సున్నా, అన్నాడు.
రెండో ప్రశ్న నేను చదవకముందే
రెండో సున్నా కూడా ఇచ్చేశాడు,
కొట్లో చిల్లర బల్ల మీద పెట్టినట్టు.

రాసేసుకునేదాన్నే.
పోయినేడు అలాగే రాసేసుకున్నాను.
అజెనోర్ అని, వలలు బాగుచేసేది,
నవ్వుతూ చెప్పింది సున్నా, సున్నా.
నవంబరులో పోయింది.
గుండె ఆగింది అని రాశారు పత్రంలో.
ఆ మాట తప్పని అనను. చాలదంటాను.
వంటింటి సొరుగులో
విప్పని మాత్రల డబ్బాలు పదకొండు దొరికాయట.

పెన్ను మూత పెట్టి అడిగాను:
ఇవాళ నీళ్ళు ఎన్నింటికి దిగుతాయి?

అదీ ఒక ప్రశ్నేనా!
కాంకాల్‌లో బడి పిల్లాణ్ణడిగినా చెబుతాడు.
సముద్రం తప్పుకుంటేనే కదా ట్రాక్టరు మడుల దాకా పోయేది,
సంచులు తిరగేసేది, నాచు దులిపేది.
నలభై మూడేళ్ళు ఆ మనిషిని నిద్రలేపింది
గడియారం కాదు, చంద్రుడు.

నోరు తెరిచాడు. మూశాడు.
కిటికీలోంచి చూశాడు. అక్కడ కార్లు మాత్రమే ఉన్నాయి.
తెలియదు, అన్నాడు.

అమావాస్య వెళ్ళిన విదియ నాడు పెద్ద ఆటు.
అలాంటివి ఏడాదికి నాలుగో అయిదో.
మావాడు ట్రాక్టరు తీస్తున్న చప్పుడు వినపడింది.
గోడవైపు తిరిగి పడుకున్నాను.
నీళ్ళు రావడం, పోవడం...
ఎవరింట్లోనో పెళ్ళిలా ఉంది నాకు.

సున్నా కొట్టేసి మూడు వేశాను.
రెండోదీ మళ్ళీ అడిగాను. మూడు.
ఇప్పుడిక పొడుగు కాగితం తీయాలి, తొమ్మిది ప్రశ్నలది.
తొమ్మిదోది దగ్గరికొచ్చేసరికి
నా గొంతు తనంతట తానే ఒక మెట్టు దిగుతుంది.
దిగకూడదు. బీపీ అడిగినంత మామూలుగా అడగాలని నేర్పారు.
అడిగాను.

పక్కగదిలో ఎవరో దగ్గి ఊరుకున్నారు.

చావాలని కాదు, అన్నాడు.
పొద్దున లేవకపోతే బాగుండునని.

రెండూ ఒకటి కాదు, నాకు తెలుసు.
రెండూ పక్కపక్క వీధులే, అదీ తెలుసు.
అతను వింటుండగానే డాక్టరుకు ఫోను చేశాను,
ఇవాళే చూడాలి, రేపు కాదు అన్నాను.
ఇదీ గుండె జబ్బేనా, అని అడిగాడు,
కొంచెం కోపంగా, కొంచెం సిగ్గుగా.
పక్కింటిది, అన్నాను. మధ్య గోడ ఒక్కటే.

డాక్టరు దగ్గరికి నడుస్తూ
వరండాలో వేలాడే పట్టిక ముందు ఆగాడు.
నాలుగూ ఇరవైకి, అని చదివాను.

అది సేంట్ మాలో లెక్క, అన్నాడు.
మా దగ్గర తేడా ఉంటుంది.

ఎంత?

వేళ్ళ మీద మొదలుపెట్టాడు,
మూడో వేలు దగ్గర ఆగిపోయాడు.
గురువారం చెబుతాను, అన్నాడు.

ఆ మాటకు పసుపు కాగితంలో గడి లేదు.
అంచు మీద రాసుకున్నాను.